తొర్ర తొలిచినంత మాత్రాన గూడు కాదు: ఒక వడ్రంగి పిట్టల జతతో 57 రోజులు

వడ్రంగి పిట్ట మానుకు తొర్ర తొలుస్తూ కనిపిస్తే చాలు, మనలో చాలామంది నోట్‌బుక్‌లో 'గూడు' అని రాసేస్తాం. నేనూ అలాగే రాశాను. రాసి, 11 రోజుల పాటు గూడు కాని తొర్రకు కాపలా కాశాను. ఆ పొరపాటు ఎలా జరిగిందో, ఎలా బయటపడిందో, తర్వాత అసలు గూడు దగ్గర పిల్లలు ఎగిరిపోయేదాకా ఏమేం చూశానో ఇక్కడ రాస్తున్నాను. గూళ్లు గమనించడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు సూటిగా పనికొస్తుందని తేదీలు పక్కనపెట్టి రోజుల లెక్క వేశాను. మొదటిసారి ఆ జతను చూసిన పొద్దు 1వ రోజు.

జత, చోటు

పిట్టలు బంగారు వీపు వడ్రంగి పిట్టలు. శాస్త్రీయ నామం డైనోపియం బెంగాలెన్స్. ముక్కు నుంచి తోక దాకా 26 నుంచి 29 సెంటీమీటర్లు. వీపు మెరిసే పసుపు, తోక మొదట్లో నలుపు, నల్లటి గొంతు మీద సన్నగా తెల్లని గీతలు. మగదానికి నుదుటి నుంచి వెనక దాకా తల మీద కుచ్చంతా ఎరుపే. ఆడదానికి ముందు భాగం నలుపు, దాని మీద తెల్ల చుక్కలు, వెనక మాత్రమే ఎరుపు. ఈ తేడా కంటికి అలవాటు కాకుండా గూడు దగ్గర కూర్చోవడం దండగ. లోపలికి వెళ్లింది మగదా ఆడదా అన్నది తెలియకపోతే తొర్ర దగ్గర జరిగేది సగం కూడా అర్థం కాదు. నేను మొదటి రెండు రోజులు ఈ ఒక్క పని మీదే ఉన్నాను.

చోటు ఒక పాత తోట. అందులో తల పోయిన కొబ్బరి మోడు ఒకటి, రెండు నిలువుల ఎత్తు ఉంటుంది. దానికి సుమారు 40 మీటర్ల దూరంలో పెద్ద నిద్రగన్నేరు, దానికి ఒక పక్కన ఎండిన కొమ్మ. తోట చూసుకునే పెద్దాయన ఆ మోడును, ఎండిన కొమ్మను ఆ నెలలోనే కొట్టించేద్దామని అనుకుంటున్నాడు. తొలిరోజే వెళ్లి అడిగాను.

"బాబాయ్, ఆ రెండూ కొన్నాళ్లు ఆపుతావా? పిట్టలు తొలుస్తున్నాయి."

"అవి తొలిచే కదమ్మా చెట్లు చచ్చేది!"

చెట్టు ముందే చచ్చిందనీ, లోపల చెక్క మెత్తబడ్డాకే ఆ పిట్ట అక్కడికి వస్తుందనీ చెప్పాను. ఆయన పూర్తిగా నమ్మలేదు కానీ, గొడ్డలి పక్కన పెట్టాడు. తర్వాతి రోజుల్లో ఈ కేసుకు అన్నిటికన్నా ముఖ్యమైన ఆచూకీ ఇచ్చింది ఆయనే.

నా దగ్గర ఉన్న సామాను 8x42 బైనాక్యులర్స్, మడత స్టూలు, నోట్‌బుక్, టైము చూసుకోవడానికి ఫోను. పిట్ట అరుపు రికార్డింగ్ వేసి పిలవడం నేను చేయను. గూడు కట్టే కాలంలో ఆ అరుపు వింటే మగది ఇంకో మగది వచ్చిందనుకుని తొర్ర వదిలేసి వెతుకులాటలో పడుతుంది. మనకు ఫొటో దొరుకుతుంది, దానికి పొద్దు పాడవుతుంది.

చెవితో మొదలు

1వ రోజు నన్ను ఆపింది చప్పుడే. వడ్రంగి పిట్ట చేసే చప్పుళ్లు మూడు రకాలు. వాటిని విడదీయడం వస్తే సగం పని అయినట్టే. ఒకటి డోలు మోత: బాగా ఎండి పలికే కొమ్మను వెతుక్కుని, ఆగకుండా గబగబా ఒక వరసలో కొడుతుంది, ఠక్కున ఆపేస్తుంది. కింద పేళ్లు రాలవు. అది పాట లాంటిది, ఈ చోటు నాదని చెప్పడానికి. రెండోది తిండి కోసం కొట్టేది: రెండు దెబ్బలు, ఆగి తల పక్కకు వంచడం, నాలుగు దెబ్బలు, పైకి రెండు గంతులు, ఒక బెరడు ముక్క ఊడబీకడం. లయ ఉండదు, ఒక చోట నిలకడ ఉండదు. మూడోది తొలవడం: ఒకే చోట, ఒకే నిదానంతో, గంట గడిచినా కదలకుండా. నేను విన్నది ఈ మూడోది.

దగ్గరికి వెళ్తే మోడు మొదట్లో నేలంతా పీచు. కొబ్బరి మాను బయట గట్టిగా ఉన్నా లోపల పీచుపీచుగా ఉంటుంది కాబట్టి చెక్క పేళ్లు కాకుండా గోధుమరంగు పొట్టు రాలింది. పైన మగది. తోక ఈకలు మానుకు ఆనించి, ఆ తోకను మూడో కాలులా వాడుకుంటూ, వెనక్కి వాలి కొడుతోంది. ప్రతి పది పదిహేను దెబ్బలకూ ఆగి, ముక్కుతో పొట్టు తీసి తల విదిల్చి పక్కకు విసురుతోంది. తల అప్పటికే కళ్ల దాకా లోపలికి పోతోంది.

పెద్దాయన నా పక్కన నిలబడి చాలాసేపు చూసి అడిగాడు. "అంతగా మోదుకుంటే తలకాయ నొప్పెట్టదా అమ్మా?"

తల లోపల మెత్తటి దిండు లాంటిది ఉండి దెబ్బను పీల్చేస్తుందని చాలాకాలం అందరూ అనుకున్నారు. 2022లో శాస్త్రవేత్తలు అధిక వేగపు వీడియోలు తీసి చూస్తే అలాంటిదేమీ కనబడలేదు. తల మొత్తం బిగుసుకున్న సుత్తిలా పని చేస్తుంది. దెబ్బను మధ్యలో ఏదైనా పీల్చేస్తే మానుకు తగిలే దెబ్బ కూడా తగ్గిపోతుంది కదా. మెదడు చాలా చిన్నది కాబట్టే ఆ వేగాన్ని తట్టుకుంటుంది. అదే చెప్పాను. "అంటే మా మేస్త్రీ సుత్తికి రబ్బరు తొడుగు వేయడు కదా, అట్లాగే" అన్నాడు. నేను రాసుకున్న వివరణ కన్నా అది బాగుంది.

11 రోజుల పొరపాటు

నోట్‌బుక్‌లో 1వ రోజు పేజీ మీద ఇలా ఉంది: 'గూడు. కొబ్బరి మోడు. మగది తొలుస్తోంది.' ఆ మొదటి మాటే తప్పు.

8వ రోజు దాకా రోజూ ఉదయం 6 నుంచి 8 వరకు కూర్చున్నాను. మగది దాదాపు రోజూ వచ్చి తొలిచింది. ఆడది రెండుసార్లు వచ్చింది, కాసేపు మోడు మీద వాలి వెళ్లిపోయింది. 9వ రోజు తొలవడం ఆగింది. ఆ సాయంత్రం వెళ్తే, వెలుతురు తగ్గుతుండగా మగది వచ్చి, తొర్ర అంచున ఒక నిమిషం చుట్టూ చూసి, లోపలికి జారుకుంది. నాకు పట్టరాని సంతోషం. వడ్రంగి పిట్టల్లో రాత్రి గుడ్ల మీద కూర్చునేది మగదే. ఇది చాలా జాతుల్లో తెలిసిన విషయం. కాబట్టి 'గుడ్లు పెట్టి ఉండొచ్చు' అని రాశాను.

ఆ తర్కంలో లోపం ఏమిటంటే, వడ్రంగి పిట్ట పడుకోవడానికి కూడా తొర్రలోకే వెళ్తుంది. ఏడాది పొడవునా, గుడ్లు ఉన్నా లేకపోయినా. కొన్ని తొర్రలు తొలిచేదే రాత్రి నిద్ర కోసం. ఇంకొన్ని మొదలుపెట్టి సగంలో వదిలేస్తుంది. సాయంత్రం మగది లోపలికి వెళ్లిందన్న ఒక్క సంగతితో గుడ్లున్నాయని తేల్చలేం. పిట్టలు చూసేవాళ్లు తమ గమనికలు నమోదు చేసే ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో గూడుకు సంబంధించిన కోడ్‌లు చూస్తే ఈ జాగ్రత్త కనిపిస్తుంది. మామూలుగా పిట్ట గూడు కడుతూ కనబడితే ప్రజననం ఖాయం అనే వర్గంలో పెడతారు. వడ్రంగి పిట్ట తొలవడానికి, రెన్ అనే పిట్టల గూడు కట్టడానికి మాత్రం విడిగా 'బి' అనే కోడ్ ఇచ్చి, దాన్ని 'బహుశా' వర్గంలోనే ఉంచారు. ఈ కోడ్ నాకు ముందే తెలుసు. తెలిసి కూడా కళ్లముందు పిట్ట తొలుస్తుంటే మనసు 'గూడు' అనే చెప్పింది.

11వ రోజు సెలవు కావడంతో ఉదయం 6 నుంచి 10 దాకా కూర్చున్నాను. 6:10కి మగది బయటికొచ్చి వెళ్లిపోయింది. ఆడది రాలేదు. ఏడు దాటింది, ఎనిమిది దాటింది. ఒక గోరింక వచ్చి తొర్రలోకి మెడ పెట్టి తొంగి చూసింది, ఎవరూ తరమలేదు. తొమ్మిదైనా తొర్ర ఖాళీగానే ఉంది. గుడ్లు ఉంటే దాదాపు మూడు గంటల పాటు అలా వదిలేయవు. ఎదుట గోరింక తల పెట్టినా పట్టించుకోకపోవడం అసలే ఉండదు. రెండు గంటల గమనికలో ఈ సంగతి బయటపడే అవకాశమే లేదు. పొద్దున్నే మగది బయటికి రావడం చూసి, ఇంకో పిట్ట వచ్చి ఉంటుందిలే, నేనే గమనించలేదేమో అనుకుంటూ వచ్చాను.

లేచి వెళ్తుంటే పెద్దాయన పిలిచి చెప్పిన మాట ఇది: "నువ్వు ఈ మోడు చూస్తున్నావు గానీ అమ్మా, ఆడది ఇటు రావట్లేదు. రోజూ ఆ నిద్రగన్నేరు మీదే ఉంటోంది."

అసలు గూడు

12వ రోజు మోడును వదిలి మగది వెనకే వెళ్లాను. రెక్కలు నాలుగుసార్లు కొట్టి, మూసి, కిందికి జారి, మళ్లీ కొట్టి లేస్తూ, అలలాగా ఎగిరి నేరుగా నిద్రగన్నేరు మీదికి వెళ్లింది. చెట్టు కింద ఐదు నిమిషాలు కదలకుండా నిలబడితే చప్పుడు వినిపించింది. మొదటి రోజు విన్న చప్పుడు కాదు ఇది. డొక్కు డొక్కు అని మూతపెట్టినట్టు, మాను కడుపులోంచి వస్తున్నట్టు ఉంది. పిట్ట లోపల ఉండి తొలిస్తే చప్పుడు అలా ఉంటుంది. నేల మీద రాలిన ఆకుల మీద లేత రంగు పేళ్లు, కొత్తవి, ఇంకా మట్టి అంటనివి. కొద్దిసేపటికి పైనుంచి పేళ్లు పిడికెడు పిడికెడుగా రాలాయి. తొర్రలోంచి ఆడదాని తల బయటికొచ్చి, నోటినిండా పేళ్లు విసిరి, మళ్లీ లోపలికి పోయింది.

అంటే అప్పటికే ఆ తొర్ర మొదలై చాలా రోజులైంది. నేను పొద్దున రెండు గంటలు మోడు ముందు కూర్చున్న రోజుల్లోనే ఇక్కడ పని నడిచింది.

తొర్ర పెట్టిన చోటు చూసి ముచ్చటేసింది. ఎండిన కొమ్మ ఏటవాలుగా బయటికి వాలి ఉంది. తొర్ర ద్వారం ఆ వాలు కింది వైపున, కాస్త నేలను చూస్తున్నట్టు ఉంది. 41వ రోజు గాలివాన వచ్చినప్పుడు నీళ్లన్నీ కొమ్మ పై వైపు నుంచే కారిపోయాయి, ద్వారం దగ్గర బెరడు పొడిగానే ఉంది. ద్వారానికి మూరెడు దూరంలో కొమ్మకు అతుక్కుని చెక్కలాంటి పుట్టగొడుగు. ఆ పుట్టగొడుగు పైకి కనబడిందంటే బూజు లోపల చాన్నాళ్లుగా ఉండి చెక్కను మెత్తబరిచిందన్నమాట. బయట గట్టి పెంకు, లోపల మెత్తటి గుజ్జు: తొలవడానికి సులువు, కాపాడుకోవడానికి బలం. అదే కొమ్మ మీద ఇంకో మూడు చోట్ల వేలెడు లోతు గుంటలు కనిపించాయి. కొట్టి చూసి, నచ్చక వదిలేసినవి. వడ్రంగి పిట్ట గూడు వెతకాలంటే ముందు వెతకాల్సింది ఇలా పుట్టగొడుగు పట్టిన ఎండు కొమ్మలనే.

గోరింకలు

16వ రోజు కొబ్బరి మోడు తొర్రలోకి గోరింక ఒకటి గడ్డిపోచ తీసుకెళ్లింది. తర్వాత ఒక ఎండుటాకు. సాయంత్రానికి ద్వారం బయటికి గడ్డి వేలాడుతోంది. ఇది గుర్తుపెట్టుకోదగ్గ సంగతి: వడ్రంగి పిట్ట గూట్లోకి గడ్డి గానీ పుల్లలు గానీ ఈకలు గానీ తేదు. లోపల రాలిన పొట్టు మీదే గుడ్లు పెడుతుంది. తొర్రలోంచి గడ్డి బయటికి కనబడుతోందంటే ఇల్లు చేతులు మారినట్టే.

మగది మాత్రం రెండు రోజులు ఊరుకోలేదు. 18వ రోజు సాయంత్రం వచ్చేసరికి గోరింక లోపలే ఉంది. మగది తొర్ర పక్కన వాలి, తురాయి నిక్కబొడిచి, 'కికికికి క్ర్‌ర్‌ర్' అని గుర్రం సకిలించినట్టు అరిచింది. గోరింకల జత రెండూ కలిసి మీదికొచ్చాయి. కొద్ది నిమిషాలు రెక్కల చప్పుడు తప్ప ఏమీ అర్థం కాలేదు. చివరికి మగది వెళ్లిపోయింది. 19వ రోజు సాయంత్రం అది మోడు వైపే రాలేదు, నేరుగా నిద్రగన్నేరు తొర్రలోకి వెళ్లి పడుకుంది. అప్పటికి ఆ తొర్ర పిట్ట మొత్తం పట్టేంత లోతు అయింది.

సొంతంగా తొలుచుకోలేని పిట్టలు, గోరింకలు, చిలుకలు, చిన్న గుడ్లగూబలు, ఇవన్నీ వడ్రంగి పిట్ట తొలిచిన తొర్రల మీదే కన్నేసి ఉంటాయి. పాతవి ఖాళీ అయ్యేదాకా కొన్ని ఆగుతాయి, కొన్ని ఆగవు.

డ్యూటీ మారడం

20, 21 రోజుల్లో జత కలవడం చూశాను, రెండుసార్లు, తొర్రకు దగ్గర్లోని అడ్డ కొమ్మ మీద. 23వ రోజు నుంచి పగలు కూడా ఒక పిట్ట లోపల చాలాసేపు ఉంటోంది. 25వ రోజు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 దాకా కూర్చుంటే తొర్ర ఒక్కసారి కూడా పూర్తిగా ఖాళీ అవలేదు. గుడ్లు పొదగడం మొదలైనట్టు నేను లెక్కేసింది ఈ రోజు నుంచే.

నా నమ్మకం నిలబడింది డ్యూటీ మారిన తీరు మీద. 25వ రోజు నోట్స్‌లోంచి రాస్తున్నాను. 6:22కి ఆడది పక్క కొమ్మ మీద వాలింది. గట్టి అరుపు లేదు. గొంతులో మెల్లగా, పక్కవాళ్లకు మాత్రమే వినబడేటట్టు ఒక చిన్న శబ్దం చేసింది. తొర్రలోంచి ఎర్రటి తల బయటికొచ్చింది, మగది. రాత్రంతా లోపలుంది. అది కదలకుండా ఆడదాన్ని చూసింది. ఆడది కొమ్మ కింది వైపుకు గెంతి, తలకిందులుగా పాకుతూ ద్వారం పక్కకు వచ్చింది. మగది ఒక్క ఊపున బయటికి దూకి, అరవకుండా, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. మగది వెళ్లిన రెండు మూడు సెకన్లకే ఆడది లోపల. ఆ తర్వాత ద్వారంలో చీకటి తప్ప ఏమీ లేదు. మళ్లీ 7:50 దాకా ఏమీ జరగలేదు. అప్పుడు మగది వచ్చింది, ఇదే తంతు తిరగబడింది.

కొబ్బరి మోడు దగ్గర 11 రోజుల్లో ఇలాంటిది ఒక్కసారి కూడా లేదు. ఇప్పుడు ఎవరైనా తొర్ర చూపించి గూడేనా అని అడిగితే, పిట్ట తొలుస్తోందా అని నేను అడగను. ఒకటి వచ్చాక ఇంకోటి బయటికి రావడం చూశారా అని అడుగుతాను. దాన్ని చూసేదాకా 'గూడు' అని రాయను, 'తొలుస్తోంది' అనే రాస్తాను.

26వ రోజు నేను చేసిన ఇంకో తప్పు రాయాలి. ఫొటో బాగా రావాలని 35 మీటర్ల నుంచి 18 మీటర్లకు జరిగాను. చెట్టు చాటునే ఉన్నాను, కదల్లేదు. ఆడది వచ్చి పక్క మాను మీద వాలింది. నా వైపు నుంచి మానుకు అవతలి వైపుకు జరిగింది. ఒక కన్ను, ముక్కు కొస, తురాయిలో ఎర్రటి ముక్క, అంతే కనిపించాయి. తల తీసింది, మళ్లీ పెట్టింది. నాలుగడుగులు పైకి, రెండడుగులు కిందికి. అలా 14 నిమిషాలు. లోపల ఆకలితో కూర్చున్న మగది రెండుసార్లు తల బయట పెట్టి చూసింది. ఆ 14 నిమిషాలకూ కారణం నేనే అని తెలుస్తూనే ఉంది. లేచి వెనక్కి వెళ్లిపోయాను. నేను వెళ్లిన నిమిషంలో ఆడది లోపలికి వెళ్లింది. పిట్ట మానుకు అవతలి వైపు దాక్కుని తొంగి చూస్తోందంటే, దూరం చాలలేదని అది మనకు చెబుతున్నట్టే. మిగతా రోజులన్నీ 35 మీటర్ల నుంచే చూశాను.

గుడ్లెన్ని అని అందరూ అడుగుతారు. ఈ జాతి మామూలుగా మూడు పెడుతుంది, నిగనిగలాడే తెల్లటి గుడ్లు. చీకటి తొర్రలో దాచే గుడ్డుకు రంగులు, మచ్చలతో పని లేదు. ఈ గూట్లో ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టలేదు. నిచ్చెన వేసి చిన్న కెమెరా లోపలికి దించడం సాధ్యమే. ఎండిన కొమ్మకు నిచ్చెన ఆనించడం, పొదుగు మొదలైన వారంలో తల్లిని బెదరగొట్టడం, ఆ ఒక్క అంకె కోసం అంత అవసరమని నాకు అనిపించలేదు.

పిల్లలు

36వ రోజు లయ మారింది. లోపల ఉండే సమయం తగ్గింది, రావడం పోవడం పెరిగింది. ఈ జాతిలో గుడ్లు సుమారు 11 రోజులకు పగులుతాయి, 25 నుంచి లెక్కేస్తే సరిగ్గా సరిపోయింది. అయితే వచ్చే పిట్ట నోట్లో ఏమీ కనబడలేదు. పురుగు లేదు, లార్వా లేదు. ఉత్త ముక్కుతో లోపలికి వెళ్లి ఉత్త ముక్కుతో బయటికొస్తోంది. నోట్లో పురుగు పట్టుకొచ్చే పిట్టల్ని చూసి అలవాటైనవాళ్లు ఇక్కడ తికమకపడతారు. ఈ పిట్ట చీమల్ని, వాటి లార్వాల్ని మింగి వచ్చి, కడుపులోంచి కక్కి పెడుతుంది. ఒక్కసారే చాలా తెస్తుంది కాబట్టి మాటిమాటికీ రాదు. ఒక్కోసారి అరగంట, ఒక్కోసారి గంట దాటినా ఎవరూ రాలేదు. గంటసేపు కూర్చుని 'గూడు వదిలేసినట్టుంది' అని రాసుకునే ప్రమాదం ఇక్కడ ఉంది. పిల్లలున్నప్పుడు నేను ఒక్క విడతలో మూడు గంటలకు తక్కువ కూర్చోలేదు.

పిల్లలు పుట్టినప్పుడు కళ్లు తెరవవు, ఒంటి మీద నూగు కూడా ఉండదు. మెత్త లేని పొట్టు నేల మీద కూర్చోవాలి కాబట్టి మడమల దగ్గర దళసరి చర్మం ఉంటుంది, అది వాటికి చెప్పులాంటిది. ఇవన్నీ చూసి రాస్తున్నవి కావు, వడ్రంగి పిట్టల గురించి తెలిసినవి. నాకు అందినది శబ్దమే, అది కూడా పెద్దాయన వల్ల. 42వ రోజు చెట్టు కింద ఊడుస్తూ ఆగిపోయి నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, చెట్టులో తేనెపట్టు గానీ పెట్టిందా? ఝుమ్మంటోంది."

పట్టు కాదు, పిల్లలు. తొర్రలో పిల్లలన్నీ కలిసి ఆపకుండా చేసే రొద దూరానికి తేనెటీగల ఝుంకారంలాగే ఉంటుంది. పెద్ద పిట్ట కొమ్మ మీద వాలిన అదురు తగలగానే ఒక్కసారిగా పెరుగుతుంది. ఆయనతో పాటు ఒక్క నిమిషం చెట్టు కింద నిలబడి విని, వెంటనే ఇద్దరం వెనక్కి వచ్చేశాం. ఆ తర్వాత వారం పాటు ఆయన అక్కడ ఊడవలేదు. నేను అడగలేదు, ఆయనే మానేశాడు.

అదే రోజుల్లో శుభ్రం చేయడం కూడా చూశాను. తిండి పెట్టాక మగది నోటినిండా తెల్లటి ముద్ద, దానికి అంటుకున్న పొట్టు పట్టుకుని బయటికొచ్చి దూరంగా తీసుకెళ్లింది. గూడు కింద రెట్టలు పడి ఉంటే దాని వాసనకు వేటాడేవి వస్తాయి. మగది ఈ పని ఆడదానికన్నా ఎక్కువసార్లు చేసింది. చివరి నాలుగైదు రోజుల్లో ఇది తగ్గిపోయింది.

49వ రోజు పిల్ల తల మొదటిసారి ద్వారంలో కనబడింది. అప్పటి నుంచి పెద్దవి లోపలికి వెళ్లడం మానేసి బయట నుంచే పెట్టాయి. తిండి పెట్టే తీరు అప్పుడే స్పష్టంగా చూశాను. ఆడది తన ముక్కును పిల్ల గొంతులోకి, కన్ను దాకా దిగబడేంతగా దించి, తల గబగబా ఊపి, తీసి, మళ్లీ దించింది. ఒక్క రాకలో ఐదారుసార్లు. చూస్తుంటే భయమేసింది, పిల్ల గొంతు చీలిపోతుందేమో అని. పిల్ల మాత్రం ఇంకా కావాలని అరుస్తూనే ఉంది. ద్వారం దగ్గర ఒకేసారి రెండు తలల కన్నా ఎక్కువ ఎప్పుడూ కనబడలేదు.

వెళ్లిపోవడం

55వ రోజు తిండి బాగా తగ్గింది. మగది వచ్చి, పక్క కొమ్మ మీద వాలి, పిలిచి, పెట్టకుండా వెళ్లిపోయింది. పిల్ల తొర్రలోంచి నడుము దాకా బయటికి సాగి, మళ్లీ లోపలికి జారింది. ఆ రోజంతా ఇదే.

56వ రోజు 7:05కి మొదటి పిల్ల ఎగిరింది. అలలాంటి ఎగురుడు అప్పుడే వచ్చింది, వాలడం మాత్రం రాలేదు. పక్క చెట్టు బెరడు మీద పడి, గోళ్లతో పట్టుకుని, కొద్దిగా జారి, తోక ఆనించుకుని నిలదొక్కుకుంది. మగది నిమిషంలో దాని పక్కకు వచ్చింది. రెండో పిల్ల 57వ రోజు ఉదయం వెళ్లింది, ఈసారి ఆడది ఎదురుగా ఉంది. పొదుగు 11 రోజులు, ఆ తర్వాత గూట్లో 20 రోజులు: ఈ జాతికి తెలిసిన లెక్కకు ఈ జత సరిగ్గా కుదిరింది.

తర్వాతి పది రోజులు వెళ్లి చూసినప్పుడల్లా మగదాని వెంట ఒక పిల్ల, ఆడదాని వెంట ఇంకో పిల్ల, తోట రెండు వైపులా విడివిడిగా కనిపించాయి. పిల్లల్ని ఇలా పంచుకోవడం వడ్రంగి పిట్టల్లో ఉన్నదే.

ఇంటికొచ్చాక పాత పేజీలు తీసి, 1 నుంచి 11 రోజుల నమోదులో 'గూడు' అన్న మాట కొట్టేసి, 'తొలుస్తోంది, రాత్రి నిద్ర' అని రాశాను. 9వ రోజు రాసిన 'గుడ్లు పెట్టి ఉండొచ్చు' పక్కన తప్పు అని రాసి, ఎందుకు తప్పో ఒక వాక్యం చేర్చాను. నిద్రగన్నేరు గూడును 25వ రోజు నుంచి ఖాయం కింద పెట్టాను. పెద్దాయన కొబ్బరి మోడు కొట్టలేదు. గోరింకలు దాంట్లోకి రెండో విడత గడ్డి మోస్తున్నాయి.